ఈ వారం సమస్య: గాలి భోంచేసి మా యింట కడుపు నిండె

పృచ్ఛకుడు, విజయనగరం
సిరిమాను పండగ అయిపోయింది గానీ చుట్టాలింకా ఇళ్లలోనే ఉన్నారు. పిల్లలందరి నోటా ఒకటే మాట, చాక్లెట్ మూస్, అదే నురగలా తేలిగ్గా ఉండే చాక్లెట్ తీపి వంటకం. గంటస్తంభం వైపు బేకరీలో కప్పు కొనిపెడితే రెండు చెంచాలకే ఖాళీ. అందుకని ఇంట్లోనే చేయమని వెంటపడుతున్నారు. సరే, ఈ వారం సమస్య కూడా వంటింట్లోంచే ఇస్తున్నాను. తేటగీతి, నాలుగో పాదం:

గాలి భోంచేసి మా యింట కడుపు నిండె

గాలి తింటే ఎవరి కడుపూ నిండదు. మరి ఎలా నిండిందో మొదటి మూడు పాదాల్లో మీరు చెప్పాలి. ఒక షరతు. గణాలూ యతీ ఎంత చూస్తానో వంట కూడా అంతే చూస్తాను. మీ పద్యం పట్టుకుని ఎవరైనా వంటింట్లోకి వెళ్తే గిన్నెలో మూస్ రావాలి.

చీపురుపల్లి కుర్రోడు
సార్, నాలుగో గణం ‘కడుపు’ కదా. ‘గా’కి ‘క’తో యతి కుదురుతుందా?

పృచ్ఛకుడు
నిక్షేపంగా. పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడమే కదా యతి. క ఖ గ ఘ ఒకదానికొకటి చెల్లుతాయి, అచ్చుల్లో అ, ఆ ఎలాగూ కలుస్తాయి. పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. ప్రాస పెట్టక్కర్లేదు, యతి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి వేసుకోవచ్చు. ఇక రాయండి.

బొబ్బిలి కోడలు
నా పూరణ:

చల్లనౌ మీగడను తెచ్చి చాల చిలికి
కరగి చల్లారు చాక్లెట్టు కలిపినాము
నురగ బుడగల లోపల నొదిగె గాలి
గాలి భోంచేసి మా యింట కడుపు నిండె

ఆమదాలవలస అప్ప
మూడో పాదం ఎంత బాగుందమ్మా! గాలి ఎక్కడుందో వేలు పెట్టి చూపించావు. కానీ మొదటి పాదం దగ్గర నాకు టెన్షన్ వచ్చింది. ‘చాల చిలికి’ అన్నావు. మీగడను చాలా చిలికితే వచ్చేది వెన్న! నువ్వు చెప్పినట్టు చేస్తే పిల్లలకి నెయ్యి కాచి పెట్టాలి.

పృచ్ఛకుడు
అప్ప పట్టుకున్నది అసలైన చోటు. ఇంట్లో కాచిన పాల మీద కట్టే మీగడ దీనికి పనికిరాదు, చిలికితే అది వెన్నకే పోతుంది. దుకాణంలో దొరికే 25 శాతం కొవ్వున్న ఫ్రెష్ క్రీమ్ కూడా సరిగా నిలబడదు. 30 శాతమైనా ఉన్న విప్పింగ్ క్రీమ్ తెచ్చి, గిన్నెతో సహా ఫ్రిజ్‌లో బాగా చల్లబరిచి గిలక్కొట్టాలి. విస్క్ పైకి తీసినప్పుడు లేచిన కొన మెత్తగా పక్కకి వంగుతుంది చూడండి, అక్కడ చేయి ఆపెయ్యాలి. కొన నిటారుగా నిలబడే దాకా కొట్టారంటే చాక్లెట్‌తో కలిపేటప్పటికి గడ్డలు కడుతుంది.

‘చల్లారు’ అన్న మాట మాత్రం వదలకండి, వంటంతా ఆ మాటలోనే ఉంది. చాక్లెట్‌లోని కోకో బటర్ 34 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడికి కాస్త తక్కువలోనే కరుగుతుంది. కరిగించిన చాక్లెట్‌లో వేలు పెడితే వేడీ తెలియకూడదు, చల్లనా తెలియకూడదు. వేడిగా పోస్తే మీగడ నురగ కరిగి జావ అవుతుంది. మరీ చల్లారిస్తే పలుకులు తేలతాయి. ముందు గరిటెడు మీగడ చాక్లెట్‌లో కలిపి పలుచన చేసుకుని, తర్వాత మిగతాది అడుగు నుంచి పైకి మడుస్తూ కలపాలి. గిరగిరా తిప్పితే ఒదిగిన గాలంతా బయటికి పోతుంది.

నా సవరణ ఇలా ఉంటే?

చల్లనౌ మీగడను తెచ్చి చాలునంత
చిలికి, చల్లారు చాక్లెట్టు చెలిమిఁ గలుప
నురగ బుడగల లోపల నొదిగె గాలి
గాలి భోంచేసి మా యింట కడుపు నిండె

బొబ్బిలి కోడలు
‘కరగి’ పోయింది కదండీ!

పృచ్ఛకుడు
పోతే పోనివ్వండి. చల్లారిందంటే అంతకుముందు కరిగిందనేగా.

నరసన్నపేట మాస్టారు
నాది కాస్త పాత పద్ధతి. మన్నించాలి.

పాలు మీగడ లేవియుఁ బనికిరావు
పుట్టలో నుండు మనకని పుత్రుతోడ
నాగమాత యిట్లనె నాడు నవ్వుకొనుచు
గాలి భోంచేసి మా యింట కడుపు నిండె

ఆమదాలవలస అప్ప
మాస్టారూ, నాగుల చవితి దగ్గరపడుతుంటే ‘పాలు పనికిరావు’ అని రాసేశారేటండీ? పుట్టలో పాలు పోసే మేమంతా ఏం కావాలి?

పృచ్ఛకుడు
పద్యంగా వంక పెట్టడానికి లేదు. పాములు గాలి మేసి బతుకుతాయన్న కవుల మాట ఉంది కనుక వైరుధ్యం ఒక్క దెబ్బకి విడిపోయింది. ‘పాలు’కి ‘బని’తో యతి, ‘మా యింట’ అంటే పుట్ట కావడం, రెండూ చక్కగా అమరాయి. అవధానంలో అయితే చప్పట్లు పడేవి. ఇక్కడ మాత్రం మూస్ ఏదీ? మీ పద్యం పట్టుకుని వంటింట్లోకి వెళ్లినవాడు ఖాళీ గిన్నెతో తిరిగొస్తాడు.

నరసన్నపేట మాస్టారు
పాముకి మూస్ తినిపించమంటావా నాయనా! అది సరే, నీ సమస్యలోనే ఒక చిక్కుంది. ‘భోంచేసి’కి కర్త మనుషులు, ‘నిండె’కి కర్త కడుపు. ‘చేసి’ లాంటి క్త్వార్థానికీ, దాని తర్వాతి క్రియకీ కర్త ఒక్కటే ఉండాలి కదా?

పృచ్ఛకుడు
‘అన్నం తిని కడుపు నిండింది’ అని మన జిల్లాల్లో అనని ఇల్లుందా మాస్టారూ? వాడుకలో స్థిరపడ్డ పలుకుబడి, దాన్ని అలాగే పాదంలో పెట్టాను. సమస్య మార్చను.

చీపురుపల్లి కుర్రోడు
మా మెస్‌లో విప్పింగ్ క్రీమ్ దొరకదు, గుడ్లు మాత్రం ఎప్పుడూ ఉంటాయి.

గుడ్డులో తెల్లసొన తీసి గుండ్రగాను
పచ్చసొన చుక్క పడకుండ పాత్రలోన
కొట్ట కొట్టగ నురగయై తెల్లకొండ
గాలి భోంచేసి మా యింట కడుపు నిండె

నరసన్నపేట మాస్టారు
మూడో పాదంలో యతి తప్పింది బాబూ. ‘కొ’కి ‘తె’ ఎక్కడ కుదురుతుంది? ప్రాసయతి అందామన్నా ‘ట్ట’కి ‘ల్ల’ కలవదు. పైగా పాదంలో క్రియే లేదు. కొండ ఏం చేసింది?

పృచ్ఛకుడు
‘కొండ లేచె’ అంటే యతీ కుదురుతుంది, క్రియా వస్తుంది. మొదటి పాదంలో ‘గుండ్రగాను’ గణం నింపడానికి వచ్చిన మాట. తెల్లసొనను గుండ్రంగా ఎలా తీస్తారు? ‘కుదురుగాను’ అనండి. గు, కు యతి చెల్లుతుంది, పని కూడా నిజంగా కుదురుగా చేయాల్సిందే.

రెండో పాదం మాత్రం ముట్టుకోను. పచ్చసొనలో కొవ్వు ఉంటుంది, అది ఒక్క చుక్క పడినా తెల్లసొన సరిగా పొంగదు. గిన్నెకి నూనె జిడ్డున్నా అంతే. ప్లాస్టిక్ గిన్నె ఎంత తోమినా జిడ్డు వదలదు కాబట్టి స్టీలుదో గాజుదో వాడాలి. అంత వివరం ఒక్క పాదంలో పట్టించావు, శభాష్.

అయితే రెండు మాటలు. నీ పద్యంలో చాక్లెట్టే లేదు! ఇంతవరకు నువ్వు చేసింది ఉత్త తెల్లసొన నురగే. ఇంకోటి, ఇది పచ్చి గుడ్డు. సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే ప్రమాదం ఉంది కనుక చిన్నపిల్లలకీ, గర్భిణులకీ, పెద్దవాళ్లకీ పెట్టకూడదు. తెల్లసొనలో పంచదార వేసి, మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టి, 71 డిగ్రీలు వచ్చేదాకా కలుపుతూ వేడిచేసి, అప్పుడు గిలక్కొట్టుకుంటే ఆ భయం ఉండదు. మెస్‌లో థర్మామీటర్ లేదంటావా, గుడ్డు మానెయ్.

ఆమదాలవలస అప్ప
మా ఇంట్లో జరిగింది జరిగినట్టు రాశాను. నవ్వకండి.

చిలుకు వేళ కరెంటేమొ చెప్పకుండ
పోయె; మూసంత నీరయి పోయె నపుడు
అత్త విసనకర్రను బట్టి యంత విసర
గాలి భోంచేసి మా యింట కడుపు నిండె

బొబ్బిలి కోడలు
అప్పా! చదువుతుంటే పొలమారింది.

నరసన్నపేట మాస్టారు
రెండో పాదం చివర ‘అపుడు’, మూడో పాదం మొదట ‘అత్త’. సంధి చేయలేదు.

పృచ్ఛకుడు
పాదం విరుపు కదా మాస్టారూ, ఈ నవ్వుకి ఆ పాటి వదిలేద్దాం. ‘అత్త’, ‘యంత’ యతి సరిగ్గా పడింది. ‘కరెంటు’ లగంతో, అంటే లఘువు వెంట గురువుతో, మొదలయ్యే మాట, తేటగీతిలో ఒక గణంగా ఇమడదు. దాన్ని ‘వేళక’, ‘రెంటేమొ’ అని రెండు గణాల మధ్య విరిచి కూర్చోబెట్టడం చేయి తిరిగినవాళ్ల పని. కాకపోతే వంటకి సున్నా. కరెంటు పోతే బీటర్ ఆగుతుంది గానీ చేయి ఆగదు కదా!

పలాస నుంచి
ఆలస్యంగా వచ్చాను. మీగడా గుడ్డూ రెండూ లేకుండా ప్రయత్నించాను.

నీట చాక్లెట్టు కరగించి నెమ్మదిగను
మంచుగడ్డల మీదుంచి మరల మరల
కవ్వమాడింప నురగయై గాలి చేరె
గాలి భోంచేసి మా యింట కడుపు నిండె

చీపురుపల్లి కుర్రోడు
నీళ్లా? చాక్లెట్‌లో నీళ్లు పడితే పాడైపోదా?

పృచ్ఛకుడు
చెంచాడు పడితే పాడవుతుంది, గరుకు ముద్ద కడుతుంది. సరిపడా పోస్తే మాత్రం చక్కగా కలిసిపోతుంది. దీన్ని ప్రచారంలోకి తెచ్చినవాడు ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త ఎర్వే తిస్. 200 గ్రాముల డార్క్ చాక్లెట్‌కి దాదాపు 180 మిల్లీలీటర్ల నీళ్లు పోసి సన్నసెగ మీద కరిగించి, ఆ గిన్నెను మంచుగడ్డల గిన్నెలో పెట్టి ఆపకుండా గిలక్కొట్టడమే. చల్లబడేకొద్దీ కోకో బటర్ గట్టిపడి, దూరిన గాలిని పట్టి ఉంచుతుంది. ఒక్కసారిగా చిక్కబడుతుంది, కనిపెట్టుకుని ఉండాలి. ఎక్కువ కొట్టి పలుకులు కట్టినా పారేయక్కర్లేదు, మళ్లీ కరిగించి మొదలెట్టొచ్చు. కాంపౌండ్ చాక్లెట్‌తో మాత్రం చేయకండి, అందులో ఉండేది కోకో బటర్ కాదు, వేరే కొవ్వు.

పద్యానికి వస్తే ‘నీ’, ‘నె’ యతి ఒప్పు, ‘కవ్వ’, ‘గాలి’ ఒప్పు. కవ్వం కన్నా తీగల విస్క్ గాలిని బాగా పట్టిస్తుంది గానీ పద్యంలో కవ్వమే అందం. చాక్లెట్, నీళ్లు, గాలి. ఇంకేమీ లేవు కనుక నాలుగో పాదం ఇక్కడ ఉన్నంత నిజంగా వేరే పూరణలో లేదు. ఈ వారం నా ఓటు పలాసకే.

బొబ్బిలి కోడలు
పలాస వాళ్లయి ఉండి జీడిపప్పు వేయలేదేటండీ?

పలాస నుంచి
గణాల్లో పట్టలేదమ్మా. గిన్నెలో వేశాం, వేయించి పైన చల్లాం.

పృచ్ఛకుడు
వచ్చే వారానికి ఇదిగో, మళ్లీ తేటగీతే:

పొయ్యి వెలిగించకుండనే పొంగె పాలు

ఇండక్షన్ స్టవ్ అని తప్పించుకునే పూరణలు చెల్లవు. మాస్టారూ, పాములు కూడా వద్దు.