ఉస్తాద్ (సైన్యంలో శిక్షకుడు), రంగ్‌రూట్ (కొత్తగా చేరి శిక్షణ పొందేవారు): ‘ఆమె ఒప్పుకుంది’ అంటే చెల్లుతుందా?

అలిపిరి మెట్లు:
మా చెల్లెలి కూతురు మహిళా మిలిటరీ పోలీసు అగ్నివీర్ కొలువుకు తయారవుతోంది. అందుకే ఈ ప్రశ్న. అమెరికా సైనిక శిక్షాస్మృతిలో 93ఎ అధికరణం 2019 జనవరి 1 నుంచి అమలులో ఉంది. శిక్షకుడు తన కింద శిక్షణ పొందుతున్నవారితో లైంగిక సంబంధం పెట్టుకుంటే నేరం. ‘ఆమె ఇష్టపడింది’ అన్న వాదన పనికిరాదు. చేరబోయేవారితో వ్యవహరించే రిక్రూటర్లకూ అదే కట్టడి. లాక్‌లాండ్ వైమానిక స్థావరంలో శిక్షణలో ఉన్న ఆడవాళ్లను శిక్షకులే లైంగికంగా వేధించిన బాగోతం బయటపడ్డాక గానీ వాళ్లకు ఇంత పట్టింపు రాలేదు. మన చట్టంలోనూ ఇంత సూటిగా రాయాలి.

మాజీ హవల్దార్, పుంగనూరు:
అవసరం లేదు. ఆర్మీ చట్టం, 1950లో 47వ సెక్షన్ చదవండి. కింది ర్యాంకువాణ్ని హింసిస్తే ఏడేళ్ల వరకు జైలు. నేనూ ఉస్తాద్‌గా పనిచేశాను. పరుగులో వెనకబడినవాడికి రగడా (శిక్షగా చేయించే కఠిన వ్యాయామం) ఇవ్వడం కూడా హింసే అంటే ఇక సైనికుడు తయారైనట్టే!

రేణిగుంట ప్యాసింజర్:
రగడా గురించి ఎవరడిగారండీ?

మాజీ హవల్దార్, పుంగనూరు:
అక్కడికే వస్తుంది. మా సెంటర్లో ఒక నాయక్ (హవల్దార్ కింది ర్యాంకు) మీద ఫిర్యాదు పడింది. విచారణలో ఏమీ తేలలేదు. కానీ పదోన్నతి ఆగిపోయింది. అతని గురించి ఒక్కరూ చర్చ పెట్టరు.

కట్టమంచి నాన్న:
హవల్దార్ గారూ, మా అమ్మాయిని చిత్తూరు దగ్గర ఒక ప్రైవేటు ఫిజికల్ అకాడమీలో చేర్చాను. సర్టిఫికెట్ల ఒరిజినల్స్ వాళ్లే పెట్టుకున్నారు. కోచ్ రాత్రి పది దాటాక ఫోన్లు చేస్తాడు, ఏం తిన్నావు, ఏం చేస్తున్నావు అని. మాన్పిస్తామంటే మొత్తం ఫీజు కట్టి కాగితాలు తీసుకెళ్లమన్నారు. అతనికి మీ 47 వర్తిస్తుందా?

మాజీ హవల్దార్, పుంగనూరు:
వర్తించదు. అతను సైన్యం కాదు. ఆ దుకాణాల పాపం మాకు అంటగట్టకండి.

తెల్లవారి పరుగు:
అకాడమీ ఎందుకసలు? యూనివర్సిటీ మైదానంలో ఉచితంగా పరిగెత్తొచ్చు.

న్యాయవాది, తిరుపతి:
కట్టమంచి నాన్న గారూ, పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం శిక్షణ సంస్థలకూ వర్తిస్తుంది. ఫిర్యాదు చేసే మహిళ అక్కడ ఉద్యోగి కానక్కరలేదు. పదిమంది సిబ్బంది ఉంటే అంతర్గత కమిటీ, లేకుంటే జిల్లాలోని స్థానిక కమిటీ. ఆ ఫోన్ల వివరాలు చెరిపేయకండి.

అలిపిరి మెట్లు:
సైన్యం మాటకు వస్తాను. అగ్నివీరుల్లో నాలుగేళ్ల తర్వాత రెగ్యులర్‌గా నిలిచేది 25 శాతం వరకే. పనితీరు చూసి తీసుకుంటారు. పనితీరు రాసేది పైవాళ్లే. అలాంటివాడు అడిగితే కాదనగలిగే పిల్ల ఎంతమంది? ఇక ఫిర్యాదంటారా, ఆర్మీ చట్టం 26వ సెక్షన్ ప్రకారం కంపెనీ కమాండర్‌కు ఇవ్వాలి. ఆయన మీదే అయితే ఆయన పై అధికారికి. అంతా ఆ గొలుసులోనే. అమెరికాలో లైంగిక దాడి వంటి నేరాల్లో కేసు నడపాలా వద్దా అనే నిర్ణయాన్ని 2023 డిసెంబరు 28 నుంచి కమాండర్ చేతిలోంచి తీసేసి ప్రత్యేక ప్రాసిక్యూటర్లకు ఇచ్చారు.

మాజీ హవల్దార్, పుంగనూరు:
ఇప్పుడు బయటపడింది మీ మాట! సంబంధాల గురించి కాదు మీ బాధ, కమాండర్ మీదే నమ్మకం లేదు. రేపు గుండు పేలేచోట అదే కమాండర్ మాట విని ముందుకు దూకాలి కదా ఆ పిల్ల? రాత్రి రెండు గంటలకు వానలో బ్యారక్ ముందు నిలబడనివాళ్లు మాకు తీర్పు చెప్పడమా?

అలిపిరి మెట్లు:
అవును, నమ్మకం లేదు. తన కంపెనీకి మచ్చ రాకూడదనుకునేవాడు తన ఉస్తాద్ మీద విచారణ చేయకూడదు. యుద్ధంలో ఆయన మాట వినడం వేరు, ఈ విషయంలో ఆయన్నే న్యాయమూర్తిని చేయడం వేరు. మీ నాయక్‌కు కూడా బయటివాళ్లు విచారించి పరిశుద్ధుడని రాసిచ్చి ఉంటే పదోన్నతి పోయేది కాదేమో.

రేణిగుంట ప్యాసింజర్:
హవల్దార్ గారూ, మీ ఇంట్లో ఆడపిల్లలెవరైనా ప్రయత్నిస్తున్నారా? ఏ అకాడమీ?

మాజీ హవల్దార్, పుంగనూరు:
మా తమ్ముడి కూతురు. అకాడమీకి పంపలేదు. నేనే పరిగెత్తిస్తున్నాను.

రేణిగుంట ప్యాసింజర్:
ఎందుకు పంపలేదు?

కట్టమంచి నాన్న:
ఆయన్ను వదిలేయండి. న్యాయవాది గారూ, ఆ స్థానిక కమిటీకి అర్జీ కలెక్టరేటులో ఇవ్వాలా? సోమవారం ఎలాగూ అక్కడికి వెళ్తున్నాను.