కలంకారీ కళా, చేతిపనా? ముందు ఇది తేల్చండి

గీతల రాయుడు: మొన్న ఒక ప్రదర్శనకు వెళ్లాను. శ్రీకాళహస్తి కలంకారీ, వెదురు కలంతో గీసిన రామాయణం, గోడంత గుడ్డ. కింద చీటీ మీద "హస్తకళ, నూలు గుడ్డ, సహజ రంగులు" అని ఉంది, అంతే. పక్క గదిలో కాన్వాసులకు మాత్రం గీసినవాళ్ల పేర్లు, సంవత్సరాలు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. అదే పట్టాభిషేకం, అవే కళ్లు తాత నుంచి మనవడి దాకా గీస్తే అది పనితనం. గొప్ప పనితనమే, కాదనను. కళ వేరు.

స్వర్ణముఖి ఒడ్డు: అన్నా, ఎప్పుడైనా కలం పట్టారా? గుడ్డని కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతాం. పాలు లేకపోతే రంగు పాకిపోతుంది. బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే నలుపు వస్తుంది. కలంలోంచి దిగేటప్పుడు అది టీ నీళ్లలా ఉంటుంది. కరక్కాయ తగిలాకే గుడ్డ మీద నల్లబడుతుంది. ఇక చెరపడానికి లేదు. మా నాన్న ముక్కు గీత వేసేటప్పుడు ఊపిరి బిగపట్టేవాడు, మేం పక్కన దగ్గినా తిట్టేవాడు.

గీతల రాయుడు: కష్టపడిందల్లా కళ అయితే బావి తవ్వడమూ కళే.

ఊరికే చూస్తున్నా: గోడకి టేపుతో అంటించిన అరటిపండు 2024లో న్యూయార్క్ వేలంలో 62 లక్షల డాలర్లకు పోయింది. అక్కడ ఎవరు కష్టపడ్డారు?

పాతబస్తీ పావురం: గేదెపాలే ఎందుకు? ప్యాకెట్ పాలు పనికిరావా?

స్వర్ణముఖి ఒడ్డు: చిక్కగా ఉండాలండీ. ఇక్కడ చర్చ పాల గురించి కాదు.

పెడన పిల్ల: మా పెడనలో టేకు అచ్చులతో అద్దుతాం. అదీ కలంకారీయే. మీరిద్దరూ మమ్మల్ని లెక్కలోకే తీసుకోలేదు.

స్వర్ణముఖి ఒడ్డు: అచ్చు వేరమ్మా. కలమే లేనప్పుడు కలంకారీ ఏమిటి?

పెడన పిల్ల: భలే! రాయుడు గారు మిమ్మల్ని అన్నదే మీరు తిప్పి మమ్మల్ని అంటున్నారు. మా అచ్చుపనిని మచిలీపట్నం కలంకారీ అంటారు, దానికీ జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. ఆ అచ్చు మీద తీగ ఎక్కడ వంచాలో చెక్కేవాడికి ఎవరు చెప్పారు?

గీతల రాయుడు: సరే, సూటిగా చెబుతాను. నేను ఫైన్ ఆర్ట్స్ నాలుగేళ్లు చదివాను. ప్రతి బొమ్మకూ "ఇందులో నీదేంటి?" అని మాస్టర్లు నిలదీసేవారు. మీవాళ్లు తాతల డిజైన్ దించుకుని కళాకారులం అంటే ఒళ్లు మండుతుంది.

స్వర్ణముఖి ఒడ్డు: దించుకోవడమా! చింతపుల్ల బొగ్గుతో ఖాళీ గుడ్డ మీద మొదలుపెడతాం సార్. మా నాన్న ఐదు నెలలు గీసిన గుడ్డ ఒక పెద్ద షాపు కొంది. మూలన సన్నగా పేరు రాసుకున్నాడు. ఆ మూల మడిచి కుట్టించి ఫ్రేమ్ కట్టారు. నేను వెళ్లి అడిగితే, "అది కనిపిస్తే అందం పోతుంది" అన్నారు. ఇందులో మాదేంటని మీరు అడుగుతున్నారు. మాదని రాస్తే మడిచేస్తున్నారు!

గీతల రాయుడు: మీ శ్రీకాళహస్తి కలంకారీలో పేరున్న జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది కదా. పేరు రావడం లేదంటే ఎలా?

స్వర్ణముఖి ఒడ్డు: ఆయనకు వచ్చింది, సంతోషం. మా నాన్న పేరు ఇంకా ఆ మడతలోనే ఉంది.

గీతల రాయుడు: నా బొమ్మల మీద పేరు పెద్దగానే ఉంటుంది తమ్ముడూ. కొనేవాడే లేడు. పెళ్లి ఫ్లెక్సీలకు డిజైన్లు చేసుకుని బతుకుతున్నాను. కనీసం "కళాకారుడు" అన్న మాటైనా నాకు మిగలాలి కదా.

ఊరికే చూస్తున్నా: ఇదా అసలు సంగతి.

స్వర్ణముఖి ఒడ్డు: అన్నా, మీ మాట నేను లాక్కోవడం లేదు. ఆ చీటీ మీద గీసినవాడి పేరు రాస్తే మీకు అభ్యంతరమా?

గీతల రాయుడు: పేరు రాయండి. "చిత్రకారుడు" అని మాత్రం వద్దు.

స్వర్ణముఖి ఒడ్డు: మరి ఏమని రాయాలి?

పెడన పిల్ల: ఏం రాసినా అచ్చు చెక్కినవాడి పేరూ వేయండి.

స్వర్ణముఖి ఒడ్డు: మళ్లీ మొదలెట్టావా తల్లీ.