అప్‌డేట్: ఫిప్స్ 140-3కి సర్వర్లు మారాయి

బరంపురం నుంచి అమెరికా క్లయింట్ క్లౌడ్ సర్వర్లు చూస్తున్నానని, ఫిప్స్ (డేటాను గుప్తీకరించే సాఫ్ట్‌వేర్‌కు అమెరికా ప్రభుత్వ ప్రమాణం) 140-2 నుంచి 140-3కి ఎలా మారాలని ఇక్కడ అడిగాను కదా, పని పూర్తయింది. 140-2 సర్టిఫికెట్లకు 2026 సెప్టెంబర్ 21 వరకే గడువు. అందుకే ఈ తొందర.

మీరు చెప్పినట్టే పాత సర్వర్లను కదపకుండా, కొత్తగా రెడ్ హ్యాట్ 9 లినక్స్‌ని మొదటి నుంచే ఫిప్స్ మోడ్‌లో (ఆ ప్రమాణం ఒప్పుకున్న పద్ధతులే వాడే సెట్టింగ్) ఇన్‌స్టాల్ చేశాం. చాలా మంచి సలహా అన్నా. ఈ మోడ్‌లో ఈడీ25519 రకం ఎస్‌ఎస్‌హెచ్ కీలు (సర్వర్‌లోకి దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడేవి) పనిచేయవు, అందుకే ఈసీడీఎస్ఏ రకం కీలు చేసుకున్నాం.

అసలు టెన్షన్ పాత జావా క్లయింట్‌తో, అంటే సర్వర్‌కి కనెక్ట్ అయ్యే ప్రోగ్రామ్‌తో. టీఎల్ఎస్ 1.2లో (కనెక్షన్‌ని గుప్తీకరించే పద్ధతి) ఎక్స్‌టెండెడ్ మాస్టర్ సీక్రెట్ అనే అదనపు భద్రతా ఏర్పాటు లేకపోతే కొత్త సర్వర్ కనెక్షన్ ఒప్పుకోదు. పర్లాకిమిడిలో ఉండే మా టీమ్ తమ్ముడు రాత్రంతా లాగ్‌లు చూసి పట్టుకున్నాడు. జావా అప్‌డేట్ చేశాక కుదిరింది. మీ దగ్గర పాత క్లయింట్లుంటే ముందు వాటినే చూడండి.