తెలిసొచ్చాక ఏమవుతుంది? మధురవాణి, బుచ్చమ్మ, సీతారాముడు

పెదవాల్తేరు పాఠకుడు (చర్చ మొదలుపెట్టినవారు)

ఆదివారం పౌరగ్రంథాలయం దగ్గర పుస్తకాల చర్చకి కూర్చునేది గంటన్నరే. అక్కడ తేలేది కాదు గనక ప్రశ్న ముందే ఇక్కడ పడేస్తున్నాను.

కథలో ఒక పాత్రకి లోకం సంగతి హఠాత్తుగా తెలిసొస్తుంది. ధర్మం అనుకున్నది బేరమనో, రక్షణ అనుకున్నది కాపలా అనో అర్థమవుతుంది. అలా తెలియడమే స్వేచ్ఛా? లేక తెలిసిన తర్వాత చేతిలో పైసా, వెళ్ళడానికో చోటు లేకపోతే అది కొత్తరకం ఏడుపేనా?

నేను రెండో పక్షం. నా సాక్షి కన్యాశుల్కంలో బుచ్చమ్మ. విధవరాలికి మళ్ళీ పెళ్ళి పాపమని నమ్మిన పిల్ల. శాస్త్రాలే ఒప్పుకుంటాయని గిరీశం చెప్పాక ఆ నమ్మకం కదిలింది. కదిలాక ఏమైంది? అంతకుముందు తండ్రి నిర్ణయించేవాడు. లేవదీసుకుపోయేటప్పుడు గిరీశం నిర్ణయించాడు. చివర్లో వకీలు సౌజన్యారావు పంతులు పూనా విడోస్ హోముకి పంపమన్నాడు. ముగ్గురూ ఆవిడ మంచికే అన్నారు. చేతులు మారాయి, అంతే. సొంతంగా ఖర్చుపెట్టుకోడానికి ఆవిడ దగ్గర ఏమైనా ఉందని నాటకంలో ఎక్కడా కనపడదు.

ఒప్పుకోనివాళ్ళు అంకం నంబరు చెప్పి మరీ వాదించండి. "మొత్తంగా నాటకం ఏం చెబుతుందంటే" అని మొదలెట్టే జవాబులు వద్దు బాబూ.

---

ఎంవీపీ టీచరమ్మ

మాస్టారూ, మీరు తప్పు మనిషిని పట్టుకున్నారు. ఆ నాటకంలో నమ్మకం విరిగింది బుచ్చమ్మకి కాదు, సౌజన్యారావు పంతులికి.

ఏడో అంకం చివర తీయండి. కథ మన విశాఖపట్నానికే వచ్చి తేలుతుంది గనక మనవాళ్ళు ఇంకాస్త శ్రద్ధగా చదవాలి. ముసలి పెళ్ళికొడుకు లుబ్ధావధాన్లు మీద ఖూనీ కేసు. పెళ్ళికూతురు కనపడటం లేదు, చంపేశాడని ఆరోపణ. ఆ పెళ్ళికూతురు ఆడవేషం వేసిన కుర్రాడని తెలిసినవాళ్ళలో మధురవాణి ఒకర్తి. సౌజన్యారావు పంతులు యాంటీనాచ్ (భోగంమేళాలు వద్దనే ఉద్యమం) మనిషి, వేశ్యల పొడ గిట్టనివాడు. అందుకే ఆవిడ మగవేషంలో ఆయన గదిలోకి వస్తుంది. కేసు గట్టెక్కించే రహస్యం చెబుతాను, ఫీజు ఒక ముద్దు అంటుంది.

ఇక్కడ నెమ్మదిగా చదవండి. ఆయన ఎదుట రెండు ధర్మాలు నిలబడ్డాయి. ఒకటి వేశ్యని ముట్టనన్న వ్రతం. రెండోది నేరం చెయ్యని ముసలాణ్ణి కాపాడటం. ఆయన నలిగి, ఆఖరికి సరేనంటాడు. తీరా ముద్దు పెట్టుకోబోతే ఆవిడే ఆపుతుంది, చెడనివాళ్ళని చెడగొట్టొద్దని తల్లి చెప్పిందంటుంది. సంఘసంస్కర్తని ఆయన వ్రతం నుంచి జారిపోకుండా ఆపింది ఎవరు? ఆయన ఎవర్ని చూస్తే మైలపడతాననుకున్నాడో ఆవిడే. అసలైన తెలిసిరావడం ఇదీ.

ఆయనకి ఇల్లుంది, ప్రాక్టీసుంది, పేరుంది. అన్నీ ఉన్నవాడికి కూడా ఆ క్షణంలో కాళ్ళకింద నేల కదిలింది. డబ్బుంటేనే తెలిసిరావడం పనికొస్తుందన్న మీ లెక్క ఇక్కడ తప్పుతుంది.

---

జగదాంబ జంక్షన్

టీచరమ్మగారి మాట బానే ఉంది గానీ డబ్బుని అంత తేలిగ్గా పక్కకి నెట్టకండి. ఆ నాటకమే డబ్బు లెక్కలోంచి పుట్టింది. మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో రాసిన పీఠిక చూడండి. విజయనగరం మహారాజా మన విశాఖపట్నం జిల్లాలో, ఏజెన్సీ వదిలేసి, బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన శుల్కం పెళ్ళిళ్ళ జాబితా వేయించారు. పెళ్ళిళ్ళు 1034. ఆడపిల్ల ఖరీదు సగటున 344 రూపాయలు. ఆ కాలానికి అదెంత సొమ్మో ఆలోచించండి.

---

పెదవాల్తేరు పాఠకుడు

జగదాంబగారూ, 344 రూపాయలు కాదండీ. అది ఏడాదికి సగటున జరిగిన పెళ్ళిళ్ళ సంఖ్య. జాబితా మూడేళ్ళది. 1034ని 3తో భాగించండి, దాదాపు అక్కడికే వస్తుంది. ఖరీదు వేరేచోట ఉంది: ఏడాది వయసు పిల్లలకి 350 నుంచి 400 దాకా పలికిందంటాడు. ఈ రెండంకెలూ కలిపేసుకోవడం చాలామంది చేసే పొరపాటే. పీఠిక తెలుగు సారాంశాలు మాత్రమే చదివితే ఇలాగే అవుతుంది.

వయసులు కూడా అక్కడే ఉన్నాయి. అయిదేళ్ళవాళ్ళు 99, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళు 36, రెండేళ్ళు 6, ఏడాది 3. కూడితే 188. అంటే ప్రతి వంద పెళ్ళిళ్ళలో 18 పెళ్ళికూతుళ్ళకి అయిదేళ్ళు దాటలేదు. ఆ 188 మందికీ ఏం తెలిసొస్తుంది? ఎప్పటికి తెలిసొస్తుంది? నా వాదానికి ఇది బలమే.

---

ఎంవీపీ టీచరమ్మ

లెక్క సరిదిద్దినందుకు సంతోషం. కానీ జాబితాలో పిల్లల్ని తెచ్చి పాత్రల మీద గెలవకండి. పాత్రకి నోరుంది, వాళ్ళకి లేదు. అది వేరే వ్యాసం.

---

కంచరపాలెం గూడ్స్‌షెడ్డు

ఏటండీ ఇది, విశాఖలో కూర్చుని ఒక్క కన్యాశుల్కం చుట్టూనే తిరుగుతున్నారు? ఇదే ఊళ్ళో ఏళ్ళ తరబడి మాస్టారుగా పనిచేసిన కారా (కాళీపట్నం రామారావు) రాసిన యజ్ఞం మాటేంటి? మీ ప్రశ్నకి అంతకన్నా నిక్కచ్చి కథ తెలుగులో లేదు.

ఊరు సుందరపాలెం. అప్పల్రాముడి కుటుంబం బాకీ పడింది. పంచాయతీ కూర్చుంది. పెద్దమనిషి శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాదు, ఊరు బాగుకి పాటుపడిన మనిషి, ధర్మం తప్పడని పేరు. కథ బలం అక్కడే ఉంది. పెద్దమనిషి దొంగైతే కథ పదిపేజీల్లో అయిపోను. కారా పేజీలకి పేజీలు ఊరి చరిత్ర, ఆస్తుల చరిత్ర, అప్పు ఎలా పెరిగిందో చెబుతూ పోతారు. కొందరికి అది విసుగు. కానీ ఆ లెక్కంతా పాఠకుడి తలకెక్కితేనే ఆఖరి ఘట్టం అర్థమవుతుంది. అప్పు తీరాలంటే భూమి పోవాలి. భూమి పోతే ఆ ఇంట్లో పుట్టినవాడల్లా ఇంకొకడి చేలో బతకాలి. ధర్మంగా, నెమ్మదిగా, అందరి సమ్మతితోనే.

అప్పల్రాముడికి మాట మీద నమ్మకముంది. పెద్దలు చెప్పారు, తీర్చేద్దాం అనే తరం. కొడుకు సీతారాముడికి అసలు లెక్క తెలిసొచ్చింది. తెలిసొచ్చాక వాడు చేసింది తన పసికందుని చంపి తెచ్చి అందరి ముందూ పెట్టడం. బానిసగా పెరగకూడదని.

పెదవాల్తేరు మాస్టారికి ఇది ఏడుపు అనిపిస్తుందా? ఏడుపు ఇంట్లో ఏడుస్తారండీ. సీతారాముడు పంచాయతీ మధ్యలోకి తెచ్చిపెట్టాడు. ఆ తర్వాత ఆ మండపంలో ఎవరికీ ధర్మం అనే మాట మునుపటిలా నోటికి రాదు. తెలిసిరావడం ఒకడి గుండెలో ఉంటే ఏడుపు, పదిమంది మధ్యలో పెడితే ఇంకొకటి. ఆ ఇంకోదానికి పేరు స్వేచ్ఛ అనను. కానీ అది లేకుండా స్వేచ్ఛ రాదు.

---

ఎంవీపీ టీచరమ్మ

ఇక్కడ నేను గట్టిగా అడ్డుపడతాను. ఆ కథ వచ్చినప్పటి నుంచీ జరిగిన గొడవంతా ఇదే. విముక్తి అన్నవాళ్ళున్నారు, నిస్పృహ అన్నవాళ్ళున్నారు. మీరు చేసిన తప్పు ఏంటంటే, ఆ బిడ్డ తల్లిని లెక్కలోంచి తీసేశారు. తెలిసొచ్చింది తండ్రికి, పోయింది పిల్లవాడి ప్రాణం, మిగిలింది తల్లి కడుపుకోత. ఎవరికి తెలిసొచ్చిందో వాడే మూల్యం చెల్లిస్తే దాన్ని స్వేచ్ఛ దాకా లాగొచ్చు. ఇంకొకరి చేత చెల్లిస్తే? బుచ్చమ్మ విషయంలో గిరీశం చేసిందీ అదే కదా, మోతాదు తేడా.

సీతారాముణ్ణి గిరీశంతో పోల్చానని మీదపడకండి. కథలో మూల్యం ఎవరి ఖాతాలో పడిందో చూడమంటున్నాను.

---

కంచరపాలెం గూడ్స్‌షెడ్డు

మీదపడతాను. గిరీశం మాటలతో బతికేవాడు. సీతారాముడు రెక్కలతో బతికేవాడు. మోతాదు తేడా కాదమ్మా, జాతే వేరు. తల్లి మాట మాత్రం ఒప్పుకుంటున్నాను. అది నా జవాబులో లేదు, ఉండాల్సింది.

---

సింహాచలం కొండకింద

చలం మైదానం (1927) ఎవరూ ఎత్తలేదేం? ప్లీడరు భార్య రాజేశ్వరి అన్నీ వదిలి అమీర్‌తో వెళ్ళిపోతుంది. ఇల్లు, కులం, మొగుడు, ఒక్క దెబ్బతో తెంచేసుకుంది. మాస్టారు చెప్పిన "చేతిలో పైసా, చోటు" రెండూ లేవు, అయినా ఆనందంగా ఉంది. అక్కడిదాకా మాస్టారు ఓడినట్టే. తర్వాత గర్భం వస్తుంది. అమీర్ వద్దంటాడు, తీయించేసుకోమంటాడు. ఆ మాట దగ్గర ఆగండి. మొగుడి ఇంట్లో శరీరం మీద పెత్తనం ఎవరిదో, మైదానంలోనూ చివరికి అదే ప్రశ్న. చాలామంది రాజేశ్వరి తెలుసుకున్నది మొదటి అధ్యాయాల్లోనే అనుకుంటారు, లేచిపోవడమే ఘనకార్యంగా చదువుతారు. నన్నడిగితే ఆవిడకి అసలు తెలిసొచ్చింది అమీర్ ఆ మాట అన్నప్పుడు.

---

జగదాంబ జంక్షన్

ఇందాకటి 344 సిగ్గు ఇంకా పోలేదు, అయినా ఒక మాట. రావిశాస్త్రిగారి అల్పజీవి సుబ్బయ్యని మర్చిపోతే ఊరికే అవమానం. అతనికి కొత్తగా తెలిసేదేముంది? తను పిరికివాడినని మొదటినుంచీ తెలుసు. బావమరిది వెంకట్రావుకి భయపడతాడు, కంట్రాక్టరు గవరయ్యకి భయపడతాడు, భయపడుతున్నానని తెలిసి ఇంకా భయపడతాడు. రచన అంతా అతని బుర్రలో నడుస్తుంది గనక మనకి ప్రతి వణుకూ కనపడుతుంది. తెలియడంలో లోపం లేదు, కదలడంలో ఉంది. కాబట్టి "తెలియడమే స్వేచ్ఛా" అన్న ప్రశ్నకి సుబ్బయ్య ఒక్కడే చాలు: కాదు.

---

పెదవాల్తేరు పాఠకుడు

నా పక్షానికి ఒక ఓటు పడింది, సంతోషం. కానీ టీచరమ్మగారు మధురవాణిని ఎత్తాక నేనూ కొంచెం జరగాల్సొచ్చింది. మధురవాణి దగ్గర సొమ్ముంది, కంటె (మెడలో నగ) ఉంది. ఆ కంటె కోసం రామప్పంతుల్ని ముప్పుతిప్పలు పెట్టింది. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవర్ని ఎక్కడ ఆపాలో తెలుసు. అందుకే ఏడో అంకంలో ఆవిడ ముద్దు అడగనూ గలదు, వద్దననూ గలదు. బుచ్చమ్మ రెండూ చెయ్యలేదు. నేను చెప్పిందే ఇది, మీరు చూపించిన దృశ్యంతోనే.

ఆదివారానికి రెండు మాటలు.

తెచ్చుకునేది రెండో కూర్పు, 1909ది, ఏడంకాలది. 1897 కూర్పు అయిదంకాలే, అందులో మధురవాణి పాత్ర చాలా చిన్నది. ఆ కూర్పు పట్టుకుని మధురవాణి గురించి వాదిస్తే సగం మాట నిలవదు. 1955 సినిమా చూసి వచ్చేవాళ్ళు దాన్ని సినిమాగానే మాట్లాడండి. స్టేజీ మీద వేసే కుదించిన ప్రతులూ అంతే. పూర్తి నాటకం ఒక్క పూటలో పట్టదు గనక కోస్తారు, కోసేటప్పుడు నవ్వులు మిగుల్చుకుని, సౌజన్యారావు నలిగే మాటలు ముందు తీసేస్తారు.

చదివేటప్పుడు పెన్సిలుతో మూడు చోట్ల గీత పెట్టుకు రండి. పాత్ర తన నమ్మకాన్ని స్వయంగా చెప్పిన వాక్యం. అది పగిలిన వాక్యం. పగిలాక పాత్ర తన చేత్తో చేసిన మొదటి పని. మూడోది దొరకకపోతే ఖాళీగా వదిలేయండి, కల్పించకండి. సుబ్బయ్య దగ్గర రెండోది దొరకదు, బుచ్చమ్మ దగ్గర మూడోది దొరకదు అని నా అనుమానం.

---

ఎంవీపీ టీచరమ్మ

నాలుగో గీత కూడా పెట్టించండి మాస్టారూ: ఆ పని ఖర్చు ఎవరు భరించారో చెప్పే వాక్యం. యజ్ఞంలో అది తల్లి దగ్గరుంటుంది. కంచరపాలెం వారు తెస్తారు.

---

కంచరపాలెం గూడ్స్‌షెడ్డు

తెస్తాను. మరి కన్యాశుల్కంలో నాలుగో గీత మీరు చూపించాలి. గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అని ఏడుస్తాడు గదా, ఆ ఖర్చు అతనిదని చూపిస్తే ఒప్పుకోను. అతను పోగొట్టుకున్నది ఏదీ అతనిది కాదు.