అపోజిషన్ పక్కన ఏ క్రియ పెట్టాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరండి. వరి చేల మధ్య కొత్తగా రొయ్యల చెరువులు తవ్వొద్దని రైతులం అర్జీ పెడుతున్నాం. దాన్ని ఇంగ్లీషులో రాసే పని నా మీద పడింది. అపోజ్ తర్వాత అగైనెస్ట్ రావాలా, టు రావాలా? తీవ్ర వ్యతిరేకత అనడానికి హెవీ అపోజిషన్ సరిపోతుందా?

జవాబు: అపోజ్ క్రియగా వస్తే వెనక ఏదీ అక్కర్లేదండి. 'వి అపోజ్ ది పాండ్స్', అంతే. మనం 'చెరువులకు వ్యతిరేకం' అంటాం కాబట్టి ఆ 'కు' కోసం ఏదో ఒకటి చేర్చాలనిపిస్తుంది. 'టు' వచ్చేది 'వి ఆర్ అపోజ్డ్ టు', 'అవర్ అపోజిషన్ టు' అన్నప్పుడు.

అసలు చిక్కంతా అపోజిషన్ అనే నామవాచకంతోనే. ఎవరు ఏ వైపు ఉన్నారన్నదాన్ని బట్టి దాని పక్కన క్రియ మారుతుంది. కాదనే రైతులు 'వాయిస్' చేస్తారు, 'ఎక్స్‌ప్రెస్' చేస్తారు. చెరువు తవ్వాలనుకున్నాయన 'ఫేస్' చేస్తాడు. ఆయన ప్రతిపాదన అయితే 'మీట్స్ విత్ అపోజిషన్' లేదా 'రన్స్ ఇంటూ అపోజిషన్'. ఉప్పునీరు పక్క చేలోకి ఊరకుండా చూస్తామని రాసిస్తే రైతులు తమ అపోజిషన్‌ని 'డ్రాప్' చేయొచ్చు. 'ది ఫార్మర్స్ ఫేస్డ్ అపోజిషన్' అని రాశారో, రైతులు ఏదో చేయబోతే ఎవరో అడ్డుపడ్డారని అర్థం వస్తుంది. అర్జీలో ఇది చాలా ప్రమాదం, దయచేసి జాగ్రత్త.

హెవీ కన్నా స్ట్రాంగ్, స్టిఫ్, ఫియర్స్ ఎక్కువ వాడుకలో ఉన్నాయి. స్టిఫ్‌లో పట్టుదల ఉంది, ఫియర్స్‌లో ఆవేశం ఉంది. రోజురోజుకీ పెరిగే వ్యతిరేకత 'గ్రోయింగ్' లేదా 'మౌంటింగ్'. క్రియకి ముందు 'స్ట్రాంగ్లీ' చాలు. 'వెహిమెంట్లీ' కూడా అంటారు గానీ, ఆఫీసు కాగితంలో అంత వేడి ఎందుకండీ? తాగునీళ్లు పాడవడం, చేలు చౌడెక్కడం వివరంగా రాస్తే ఆ బలం దానికదే వస్తుంది.

ప్రశ్న: 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే ప్రకటించారు కదండీ. దాన్నీ అపోజిషన్ అనొచ్చా?

జవాబు: దానికి ప్రొటెస్ట్ సరిగ్గా కుదురుతుందండి. గిట్టుబాటు కావట్లేదని సార్వా నాట్లు మానేసి నిరసన చూపించారు. అందుకే 'స్టేజ్ ఎ ప్రొటెస్ట్', 'హోల్డ్ ఎ ప్రొటెస్ట్' అంటారు, 'స్టేజ్ అపోజిషన్' అనరు. పొలాలు బీడు పెట్టింది 'ఇన్ ప్రొటెస్ట్'. అక్కడ 'ఇన్ అపోజిషన్' అని ఊరుకుంటే ప్రతిపక్షంలో ఉన్నారేమో అనుకుంటారు. అర్జీని 'ది అపోజిషన్' అని మొదలుపెట్టినా అదే తంటా.

మొదటి వాక్యం ఇలా పెట్టి చూడండి: 'వి, ది ఫార్మర్స్ ఆఫ్ దిస్ విలేజ్, స్ట్రాంగ్లీ అపోజ్ ది డిగ్గింగ్ ఆఫ్ న్యూ ప్రాన్ పాండ్స్ అమాంగ్ అవర్ పాడీ ఫీల్డ్స్.' సర్వే నంబర్లు దాని కిందే రాయండి.