ఎప్‌సెట్‌కి నెల రోజులే ఉంది, ఫస్టియర్ మ్యాథ్స్ అంతా మర్చిపోయాను, ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఎంపీసీ_జగిత్యాల:

అందరికీ నమస్తే. ఇంటర్ సెకండియర్ పరీక్షలు అయిపోయాయి, హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చేశాను. తెలంగాణ ఎప్‌సెట్‌కి (ఇంజినీరింగ్ ఎంట్రన్స్) సరిగ్గా నెల ఉంది. గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో చదివాను, విడిగా కోచింగ్ ఏమీ లేదు, క్రాష్ కోర్సులో చేరదామంటే ఫీజు చెప్పగానే నాన్న ముఖం చూసి నేనే వద్దన్నాను. దగ్గర ఉన్నవి తెలుగు అకాడమీ పుస్తకాలు, ఒక పాత బిట్ బ్యాంకు, అమ్మ ఫోను.

సెకండియర్ మ్యాథ్స్ పుస్తకాలు టూఏ, టూబీ ఈ మధ్యే చదివాను కాబట్టి పర్లేదు. ఫస్టియర్‌వి వన్ఏ, వన్‌బీ తెరిస్తే మాత్రం ఎవరో వేరేవాళ్ల పుస్తకంలా ఉంది, వెక్టర్స్‌లో బాక్స్ ప్రొడక్ట్ అంటే ఏంటో కూడా ఒక్క నిమిషం ఆలోచించాల్సి వచ్చింది. ఫిజిక్స్‌లో లెక్కలంటే భయం, కెమిస్ట్రీలో ఆర్గానిక్ అంతంతమాత్రం. మా బాబాయి పొద్దున నాలుగింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా గంట గంటకీ ఒక సబ్జెక్టు పెట్టి టైంటేబుల్ రాసిచ్చాడు, దాని ప్రకారం వెళితే రోజుకి మూడు చాప్టర్లు అవ్వాలి, నాకు ఒక్కటి కూడా పూర్తిగా అవ్వట్లేదు. ముందు ఫస్టియర్ మొత్తం చదివేసి చివరి వారంలో పేపర్లు రాయాలా, లేక ఇప్పటి నుంచే పేపర్లు రాయాలా? అన్నలు, అక్కలు, సార్లు ఎవరైనా చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

ఫైనలియర్_ఈసీఈ:

చెల్లీ, ముందు ఆ టైంటేబుల్ బాబాయికే తిరిగిచ్చేయ్. నెల రోజుల్లో రెండేళ్ల సిలబస్ మొదటి పేజీ నుంచి చదవడం ఎవరివల్లా కాదు, కోచింగ్ వాళ్లు కూడా ఆ పని చేయించరు.

పేపర్ ఎలా ఉంటుందో ఒకసారి చూడు. 160 బిట్లు, మూడు గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే ఒక్కో బిట్‌కి నిమిషం మీద ఏడు సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. మొత్తం తెలిసినవాడికి కూడా ఆ టైంలో 160 చేయడం కష్టమే, కాబట్టి నీకు బాగా వచ్చిన బిట్లు ఒక్కటి కూడా పోకుండా చూసుకోవడమే ఈ నెల పని. ఏ చాప్టర్ వదిలేయాలో ఇప్పుడే తేల్చుకో, పరీక్ష హాల్లో కూర్చుని తేల్చుకోకు.

నేనైతే రేపే ఒక పాత పేపర్ రాయమంటాను. ఏమీ చదవకుండా, మూడు గంటలు లేవకుండా. అధికారిక వెబ్‌సైట్‌లో మాక్ టెస్ట్ ఉంటుంది, ఫోన్లో ఇబ్బందైతే దగ్గర్లో నెట్ సెంటర్‌కి వెళ్లి రాయి, మౌస్‌తో రాయడం అలవాటు అవ్వడం కూడా అవసరమే. మార్కులు ఎన్ని వచ్చినా ఎవరికీ చెప్పకు. ఏ చాప్టర్ బిట్లు పోయాయో మాత్రం ఒక కాగితం మీద రాసుకో, నీ అసలు టైంటేబుల్ ఆ కాగితమే.

మ్యాథ్స్_జేఎల్:

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. పై అబ్బాయి చెప్పింది చాలావరకు సరైనదే, కానీ రేపే పేపర్ రాయమనడం ఈ అమ్మాయి విషయంలో నాకు నచ్చలేదు. ఫస్టియర్ ఫార్ములాలు అసలు గుర్తులేనప్పుడు పేపర్ రాస్తే ధైర్యం పోవడం తప్ప తెలిసేదేమీ ఉండదు. ఒక వారం ఆగి రాయమ్మా.

ఆ వారం ఏం చేయాలంటే, ఐపీఈకి, అంటే ఇంటర్ పబ్లిక్ పరీక్షలకి చదివిన పద్ధతిని పక్కన పెట్టాలి. మన పిల్లలకి ఏడు మార్కుల ప్రశ్నలు వచ్చే చాప్టర్లంటే గౌరవం, రెండు మార్కుల చాప్టర్లంటే చిన్నచూపు. ఎప్‌సెట్‌లో ఏడు మార్కుల ప్రశ్న ఉండదు, ప్రతిదీ ఒక్క మార్కే. ఐపీఈలో రెండు మార్కుల వీఎస్ఏక్యూ తప్ప రాని ప్లేన్, త్రీడీ కోఆర్డినేట్స్, హైపర్‌బాలిక్ ఫంక్షన్స్, ఇవి చూడు. ఒక్కోటి ఒక పూటలో అయిపోతాయి, బిట్ వస్తే అర నిమిషంలో చేసేస్తావు. అదే ప్రాపర్టీస్ ఆఫ్ ట్రయాంగిల్స్ మొత్తం చదవాలంటే మూడు రోజులు తింటుంది, అందులో ఆర్, చిన్న ఆర్, ఎస్ ఫార్ములాలు, సైన్ రూల్, కొసైన్ రూల్ వరకు చాలు. ఇండక్షన్‌కి ప్రూఫ్‌లు చదవొద్దు, ఆప్షన్‌లో విలువ వేసి చూడటమే.

ఆ విలువ వేయడం ఎలాగో ఒకటి చేసి చూపిస్తాను, ఎందుకంటే పిల్లలు సగం చేసి ఆపేస్తారు. బైనామియల్ కోఎఫిషెంట్లతో ఇలాంటిది వచ్చిందనుకో: సీ0 + 3సీ1 + 5సీ2 అంటూ (2ఎన్+1)సీఎన్ వరకు మొత్తం ఎంత? ఆప్షన్లలో ఒకటి (ఎన్+1) ఇంటూ 2 పవర్ ఎన్, ఇంకొకటి ఎన్ ఇంటూ 2 పవర్ (ఎన్+1). ఎన్ బదులు 1 వేస్తే ప్రశ్నలో 1+3, అంటే 4. మొదటి ఆప్షన్ కూడా 4, రెండోది కూడా 4. ఇక్కడే చాలామంది ముందు కనిపించినది నొక్కేసి వెళ్లిపోతారు. ఎన్ బదులు 2 వేయి: 1+6+5, అంటే 12. మొదటి ఆప్షన్ 3 ఇంటూ 4, 12. రెండోది 2 ఇంటూ 8, 16. అయిపోయింది. ప్రూఫ్ రాస్తే అర పేజీ, ఇలా అయితే ఇరవై సెకన్లు. ట్రిగ్నామెట్రీలోనూ ఇంతే, కానీ అక్కడ తీటా బదులు 45 వేయకు, సైన్, కాస్ రెండూ ఒకటే అయిపోయి రెండు మూడు ఆప్షన్లు సరిపోతాయి, 30 వేయి. ఇంటిగ్రేషన్‌లో ఆప్షన్‌ని డిఫరెన్షియేట్ చేసి చూడు.

వన్ఏ, వన్‌బీ, టూఏ, టూబీ నాలుగింటి నుంచీ దాదాపు సమానంగానే బిట్లు వస్తాయి, అందుకే ఫస్టియర్ వదిలేస్తే సగం మ్యాథ్స్ వదిలేసినట్టే. మొదటి వారం పొద్దున పూట మొత్తం ఫస్టియర్ మ్యాథ్స్‌కే పెట్టు: మాట్రిసెస్, వెక్టర్స్, ట్రాన్స్‌ఫర్మేషన్స్ వరకు ట్రిగ్నామెట్రీ, స్ట్రెయిట్ లైన్స్, పెయిర్ ఆఫ్ లైన్స్, డిఫరెన్షియేషన్. చదవడం కాదు, ఫార్ములా చూడకుండా రాయడం, వెంటనే ఆ చాప్టర్ నుంచి పాత పేపర్ బిట్లు ఇరవై ముప్పై చేయడం. సాయంత్రం కెమిస్ట్రీ, రాత్రి కాసేపు ఫిజిక్స్. పదకొండు దాటితే పడుకో.

ఫైనలియర్_ఈసీఈ:

సార్, వారం ఆగమన్నారు కాబట్టి ఒప్పుకుంటున్నా, కానీ రెండో వారం నుంచి మాత్రం రెండు రోజులకో పేపర్ పడాల్సిందే. ఇంకో విషయం, పేపర్ రాయడం కంటే మర్నాడు దాన్ని విప్పి చూడటానికే ఎక్కువ టైం పెట్టాలి. తప్పు పోయిన ప్రతి బిట్ పక్కన మూడిట్లో ఒకటి రాయి: తెలీదు, తెలుసు కానీ మర్చిపోయా, తెలుసు కానీ లెక్క తప్పింది. మూడో రకమే అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది, చూసుకో. కాలిక్యులేటర్ ఉండదు కదా, గుణకారాలు చేతితోనే. ఫిజిక్స్‌లో ఆప్షన్లు దూరదూరంగా ఉంటే పై స్క్వేర్‌ని 10 అనుకుని, 9.8ని 10 అనుకుని చేసేయొచ్చు, దగ్గరగా ఉంటే మాత్రం వద్దు.

హాల్లో కెమిస్ట్రీతో మొదలుపెట్టు. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, అందులో ఆలోచించేది తక్కువ, అరగంటలో బయటపడొచ్చు. తర్వాత మ్యాథ్స్ గంటా నలభై నిమిషాలు, మిగతా యాభై నిమిషాలు ఫిజిక్స్. మ్యాథ్స్‌తో మొదలుపెట్టి ఒక లొకస్ బిట్ దగ్గర ఇరుక్కుని పావుగంట పోగొట్టుకున్నవాళ్లని మా హాస్టల్లోనే బోలెడుమందిని చూశా.

కెమిస్ట్రీ_పిచ్చి:

కెమిస్ట్రీ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు కాబట్టి నేను వస్తున్నా. 40 మార్కులు తక్కువ శ్రమతో వచ్చేది ఇక్కడే, మ్యాథ్స్ మోజులో దీన్ని వదిలేయకండి. తెలుగు అకాడమీ పుస్తకం లైను లైనూ చదవండి, ముఖ్యంగా పీ బ్లాక్, పాలిమర్స్, బయోమాలిక్యూల్స్, సర్ఫేస్ కెమిస్ట్రీ, పర్యావరణ రసాయనం. పుస్తకంలో పట్టికలు, కింద చిన్న అక్షరాల్లో ఉన్నవి కూడా. ఆర్గానిక్ భయమైతే మెకానిజంలు పక్కన పెట్టి పేరున్న రియాక్షన్లు ఒక పెద్ద చార్ట్ మీద రాసి గోడకి అంటించండి, ఏ రసాయనం కలిపితే ఏమొస్తుందో అంతే. ఫిజికల్‌లో మోల్ కాన్సెప్ట్, ఎలక్ట్రో కెమిస్ట్రీ, ద్రావణాలు, కైనెటిక్స్ ఫార్ములా లెక్కలే.

ఫిజిక్స్‌లో కూడా ఇలాంటి మెత్తటి చాప్టర్లు ఉన్నాయి: యూనిట్స్ అండ్ డైమెన్షన్స్, సెమీకండక్టర్స్, కమ్యూనికేషన్ సిస్టమ్స్, ఆటమ్స్, న్యూక్లియై, డ్యూయల్ నేచర్. రొటేషన్‌తో కుస్తీ పట్టే ముందు ఇవి లాగేయండి.

గుంటూరు_నాన్న:

మా అబ్బాయి కూడా ఇప్పుడే రాస్తున్నాడు, మాది ఆంధ్ర ఎప్‌సెట్. మా దగ్గర ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది, మీ తెలంగాణలో 2023లో తీసేశారు, కాబట్టి ఇంటర్ ఎలా రాశానా అని ఆలోచిస్తూ కూర్చోవద్దమ్మా, నీకు ఈ 160 మార్కులే లెక్క.

ఒక సంగతి అడుగుదామని. క్వాలిఫై అవ్వడానికి 40 మార్కులు కావాలంటున్నారు, మావాడు చివర్లో తెలియనివి గుడ్డిగా పెట్టేయొచ్చా అంటున్నాడు. పెట్టొచ్చా?

మ్యాథ్స్_జేఎల్:

పెట్టకపోతేనే తప్పు సార్. నెగెటివ్ లేదు కదా. 30 బిట్లు పూర్తిగా గుడ్డిగా పెట్టినా సగటున ఏడెనిమిది కలుస్తాయి. ఒక్కోదానిలో రెండు ఆప్షన్లు తీసేయగలిగితే అదే పదిహేను అవుతుంది. కాకపోతే దానికి ఆఖరి ఐదు నిమిషాలు పక్కన పెట్టుకోవాలి, టైం అయిపోయాక స్క్రీన్ దానంతటదే ఆగిపోతుంది, ఇంకో క్లిక్ కూడా పడదు. 40 అనేది ఓసీ, బీసీలకి. ఎస్సీ, ఎస్టీలకి ఆ కనీస మార్కుల నిబంధన లేదు. కానీ 40 దగ్గర ఆగితే వచ్చే ర్యాంకుకి మంచి కాలేజీలో సీటు రాదు, అబ్బాయికి ఆ మాట కూడా చెప్పండి.

ఎంపీసీ_జగిత్యాల:

అందరికీ చాలా థాంక్స్. వన్‌బీలో ప్లేన్ చాప్టర్ ఇవాళ పొద్దునే తీశాను, నిజంగానే మధ్యాహ్నం లోపు అయిపోయింది, బిట్లు కూడా చాలావరకు వచ్చాయి. బాబాయికి పేపర్ ప్యాటర్న్ చూపించి ఆయన్నే నా దగ్గర కూర్చుని టైం చూడమన్నాను, ఒప్పుకున్నాడు.

ఇంకో రెండు డౌట్లు. పరీక్ష వేర్వేరు షిఫ్టుల్లో పెడతారు కదా, నా షిఫ్ట్ పేపర్ కష్టంగా వస్తే ఏం చేయాలి, మా ఫ్రెండ్స్ అందరూ దాని గురించే మాట్లాడుకుంటున్నారు. రెండోది, పరీక్షకి నాలుగు రోజుల ముందు మా పెద్దమ్మ కూతురి పెళ్లి ఉంది. వెళ్లకపోతే ఇంట్లో గొడవ, వెళితే రెండు రోజులు పోతాయి.

ఫైనలియర్_ఈసీఈ:

షిఫ్టుల మధ్య తేడాకి తగ్గట్టు మార్కులు సరిచేసే నార్మలైజేషన్ ఉంటుంది, నీకు కష్టంగా అనిపిస్తే నీ పక్కవాడికీ అంతే. బయటికొచ్చాక కీ గురించి మాట్లాడుకునే గుంపులో నిలబడకు. నీది పొద్దుటి షిఫ్టా మధ్యాహ్నందా హాల్‌టికెట్ రాగానే చూసుకుని, అక్కడి నుంచి పేపర్లన్నీ అదే టైంలో రాయి. మే ఎండలో మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది, దానికి అలవాటు పడాలి.

పెళ్లికి ఒక్క పూట వెళ్లు, తలంబ్రాలు చూసి, తిని వచ్చేయ్, ముందు రోజు నుంచీ ఉండొద్దు. చేతులకి మాత్రం ఎవరు బతిమాలినా మెహందీ పెట్టించుకోకు. సెంటర్‌లో బయోమెట్రిక్ తీసుకుంటారు, వేలిముద్ర పడకపోతే గేటు దగ్గరే నీకు లేనిపోని టెన్షన్.