అప్‌డేట్: లూవ్ర్‌లో ‘ఎమ్‌ఎన్‌ఆర్’ బొమ్మల సొంతదారులెవరు?

పారిస్ లూవ్ర్ మ్యూజియంలో కొన్ని పెయింటింగుల పక్కన ‘ఎమ్‌ఎన్‌ఆర్’ అని ఎందుకు రాశారని ఆమధ్య అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ చాలా థాంక్స్. మీరు చెప్పినవి పట్టుకుని చదివాను.

ఎమ్‌ఎన్‌ఆర్ అంటే ఫ్రెంచిలో ‘మ్యూజే నాసియోనో రెక్యుపెరాసియోఁ’, అంటే వెనక్కి రాబట్టి జాతీయ మ్యూజియాల్లో ఉంచినవని. ఆ గుర్తున్న బొమ్మలు మ్యూజియం ఆస్తి కాదు. నాజీల ఆక్రమణలో ఫ్రాన్స్ నుంచి తరలిపోయి, యుద్ధం తర్వాత జర్మనీ నుంచి వెనక్కి వచ్చినవి. దాదాపు 60 వేల వస్తువులు రాగా, 45 వేలు సొంతదారులకు అందాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం ప్రభుత్వమే అమ్మేసింది. ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు. 2 వేలకు పైగా మ్యూజియాల సంరక్షణలో మిగిలాయి.

అసలు సొంతదారుల ఆచూకీ తీసేది ఎక్కువగా బొమ్మ వెనక్కి తిప్పి చూసే: పాత లేబుళ్లు, ముద్రలు, నాజీలు వేసిన నంబర్లు. వాటిని వేలం కేటలాగులతో, వీలునామాలతో సరిపోలుస్తారు. ఫ్రెంచ్ మ్యూజియం ఉద్యోగిని రోజ్ వలాన్ రహస్యంగా రాసుకున్న నోట్సు లేకపోతే ఇందులో చాలా భాగం అసాధ్యం. పారిస్‌లోని జె ద పోమ్ మ్యూజియంలో నాజీల కళ్ల ముందే పనిచేస్తూ, ఏ పెట్టె ఎటు పోతోందో రాసిపెట్టిందావిడ. ఎంత ధైర్యం!

అయితే అన్నీ దోచినవే కావు, కొన్ని ఆనాటి బజార్లో అమ్ముడైనవి. ప్రాణభయంతో అమ్ముకున్న యూదు కుటుంబం ఆ సంగతిని ఇప్పుడెలా రుజువు చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.